ఒడిబియ్యం మూట

మగ్దలీనమ్మ సంచి అడుగున ఒడిబియ్యం మూట పెట్టింది. దాని మీద చీర మడత పెట్టింది. మళ్లీ రెండూ బయటికి తీసింది.

"ఇది నాలుగోసారి అత్తమ్మా, రైలు తప్పుతది" అంది కోడలు జీవమణి.

"అడుగున పెడితే ఓడల తేమకు బియ్యం ముక్కిపోవా? నడుమ పెట్టాలె."

పసుపు కలిపిన ఐదు సోలల బియ్యం, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఒక రవికె గుడ్డ. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసేవి.

"కిరస్తానపోళ్లం, మనకెందుకు అత్తమ్మా ఒడిబియ్యం? చర్చి అయ్యగారు చూస్తే ఆదివారం ప్రసంగమంతా మన మీదనే."

"చెప్పుకోనీ. మరియమ్మకు సుత తల్లిగారిల్లు ఉండె."

జీవమణి నవ్వింది. "సరే, మరి మణికట్టు దాకా ఈ చేతుల రైక ఏంది? ఈ ఎండల్ల, వారం సంది ఇదే. చెమట ధారలు కడుతున్నది."

"సముద్రాలు దాటొచ్చిన పిల్లగాడు. జర మర్యాదగ కనబడాలె కద. నువ్వు పోయి జట్కా పిలువు."

1939 మే నెల. పంజాగుట్ట రాళ్ల మీది వేడిగాలి అమీరుపేటలోని ఆ పెంకుటింటి గుమ్మం దాకా వస్తోంది. గుమ్మం పక్కన సత్యరాజు ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్నాడు. పాతికేళ్లవాడు. దక్షిణాఫ్రికాలో, నేటాల్‌లో పుట్టాడు. అమ్మమ్మ ఎక్కడి మనిషో వెతుక్కుంటూ వచ్చాడు. నెల కిందట అతని ఉత్తరం, ఓడ చీటీ నకలు చర్చికి వస్తే, అయ్యగారు వాటిని తెలుగులో రాసిచ్చారు. బడి ముఖం చూడకపోయినా చర్చిలో అక్షరాలు నేర్చిన మగ్దలీనమ్మ ఆ కాగితాన్ని వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని పదిసార్లు చదివింది.

కోడలు గేటు దాటింది. సత్యరాజు కలం తీశాడు.

"చిన్నమ్మమ్మా, పోయేముందు ఒక్కసారి సరిచూస్త. డర్బన్ ఆఫీసుల కూలీల ఓడ చీటీ, 1891. కాంతవ్వ, శివరాములు బిడ్డ, పదిహేడేండ్లు. మారిషస్ చర్చిల అమ్మమ్మ పెండ్లి రిజిస్టరు, అండ్ల సుత శివరాములు బిడ్డనే. రంగూన్ల బాప్తిస్మం పుస్తకం, శివరాములు తమ్ముడు పర్శరాములు, అన్న ఇంటోళ్లు అమీరుపేటల. మూడేండ్లు మూడు దేశాలకు ఉత్తరాలు రాస్తే ఈ గడప దొరికింది."

"నీ మాట విన్ననాడే నాకెరుక బిడ్డా. అది మా మగ్గాల ఇండ్ల మాట. ఎక్కడా చెడలే."

"అమ్మమ్మ నేర్పింది. నువ్వు ఆమెకు చెల్లెవు. బాప్తిస్మానికి ముందు నీ పేరేంది?"

ఆమె సంచి తాడు బిగించింది.

"దేవవ్వ. రాసుకో."

రాసుకుని, కలం ఆపాడు. "ఒక్కటి కలుస్తలేదు. చీటీల 'ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ' అని ఉన్నది. ఒకరి చీటీ మీద ఇంకొకరు పోకుండ, కూలీలను ఓడెక్కించే డిపోల డాక్టరు చూసి రాసేటోడట. అమ్మమ్మకు అసువంటి మచ్చ ఉన్నట్టు మా అమ్మకు యాది లేదు."

"రంగు బాన తగిలి కాలింది. ఎదిగే పిల్ల, మాసిపోయి ఉంటది."

"అంతేనా?" అతని గొంతు తగ్గింది. "మా అమ్మ మంచంల ఉన్నది. అమ్మమ్మకు ఒడి నింపినోళ్లు లేరు, అమ్మకూ లేరు. మనం ఏడికెళ్లి రాలిన ఆకులంరా అని అడుగుతది. గందుకే భయం. వేరే ఇంటోళ్ల ఒడిబియ్యం తీస్కపోయి ఆమె ఒళ్లె ఎట్ల పోయాలె?"

మగ్దలీనమ్మ అతని చేతులు రెండూ పట్టుకుంది.

"వేరే ఇంటియి కావు. మీ అమ్మమ్మ ఓడెక్కింది గనుకనే నేను ఈ గడప మీద కూసున్న. నా పెండ్లి, నా పిల్లలు, ఈ ఇంట్ల నేను తిన్న ప్రతి మెతుకు ఆమె పెట్టిందే. ఫికర్ చెయ్యకు."

సత్యరాజు తల వంచి ఆ చేతులు కళ్లకద్దుకున్నాడు.

"మా అమ్మకు రాజమ్మ అని పేరు పెట్టింది. ఇంట్ల ఎవరి పేరది?"

ఆమె సంచి తాడు మళ్లీ బిగించింది.

"పక్కింటి పిల్ల. తల్లీ తండ్రీ కరువుల పోతే మా అమ్మ తెచ్చి సాదింది. ఇద్దరూ ఒక్క చాప మీదనే పండేటోళ్లు."

"ఆమె ఏమైంది?"

"ఏమైతది? ఎవలూ లేనిది. పోయింది." ఆమె లేచింది. "అగో, జట్కా వచ్చింది."

జీవమణి సద్దిమూట అందించింది. సత్యరాజు బండెక్కి, సంచిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెప్పుడు మరిచిన చిన్నమ్మమ్మా. అమ్మమ్మ పాణం పోయేముందు ఒకటే మాట అన్నది. 'నేనొచ్చిన గనుక ఒకరు ఇంటికాడ ఉన్నరు. నాకు గంతే చాలు' అన్నది."

మగ్దలీనమ్మ బండి చక్రం పట్టుకుని నిలబడింది. బండివాడు "అమ్మా, జర పక్కకు" అనేదాకా వదల్లేదు.

జట్కా పంజాగుట్ట మలుపు తిరిగింది. దుమ్ము కూడా అణిగింది.

"పిల్లగాడు పోయిండు. ఇగ ఆ రైక విడువరాదు అత్తమ్మా" అంది జీవమణి లోపలికి పోతూ.

మగ్దలీనమ్మ బావి దగ్గర కూర్చుని రవికె ఎడమ చేతిని మోచేతి పైదాకా మడిచింది. అక్కడ కాలిన చర్మం నున్నగా మెరుస్తోంది. దాని మీద చెంబెడు నీళ్లు పోసుకుంది.

"దండం తల్లీ" అంది, జారిపోతున్న నీళ్లతో.

1891లో తన చీటీ మీద, కాంతవ్వ అన్న తన పేరుతోనే ఓడెక్కి, తిరిగి రానిది పక్కింటి రాజమ్మ.