చచ్చినా పీకొద్దు

"ప్లగ్గు పీకి మళ్లీ పెడితే అదే దారికొస్తుంది. తప్పుకో అమ్మాయ్!" అంటూ యజమాని కాంతారావు బల్ల కిందికి వంగాడు.

"ఆగండి బాబాయ్ గారూ!" వీరదుర్గ ప్లగ్గుకు అడ్డంగా నిలబడింది.

పెడనలోని ఆ కలంకారీ ఆఫీసులో ఇంటర్నెట్ ఫోన్ ఒక్కటే ఉంది. ఫోన్‌ను నడిపించే కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది, అప్‌డేట్ చేసుకోమని తెరమీద కనపడితే గుమాస్తా వీరదుర్గ సరేనని నొక్కింది. పని ఎంతయిందో చూపే గీత తెరమీద సగం దాకా పాకి అక్కడే బిగుసుకుపోయింది. కాసేపట్లో జర్మనీ పార్టీ ఆ నంబరుకే ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే దుప్పట్ల ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

"ఆర్డరు పోతే సగం అద్దకం బల్లలు మూసెయ్యాలి. నీ ఉద్యోగం కూడా వాటితోపాటే," అన్నాడు కాంతారావు.

వీరదుర్గ సెల్లు తీసి, ఫోన్ అమ్మిన బందరు షాపుకు చేసింది. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"పెడన నుంచండీ. ఇంటర్నెట్ ఫోన్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. ప్లగ్గు పీకమంటారా?"

"అమ్మో! చచ్చినా పీకొద్దు!" ఆ కేక కాంతారావుకు కూడా వినపడింది. "పీకారంటే అది కాయితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోడానికి తప్ప పనికిరాదు. లైటు వెలుగుతోందా?"

"మినుకు మినుకుమంటోందండీ."

"అయితే ప్రాణం ఉంది. మీరు చెయ్యి వెయ్యొద్దు, ఎవర్నీ వెయ్యనివ్వొద్దు."

"వాడి సొమ్మేం పోయింది, ఎన్నైనా చెబుతాడు," అని కాంతారావు మళ్లీ చెయ్యి చాపాడు.

వీరదుర్గ కుర్చీ లాక్కుని ప్లగ్గుకు వీపు ఆనించి కూర్చుంది. "కావాలంటే నన్ను పనిలోంచి పీకెయ్యండి. దాన్ని మాత్రం పీకనివ్వను."

కాంతారావు నోరు తెరిచేలోపే గీత కదిలింది. చివరిదాకా వెళ్లింది. తెర ఒక్కసారిగా నల్లబడింది. వీరదుర్గ ప్లగ్గుకు వీపు ఇంకా గట్టిగా ఆనించింది. అంతలో తెర మళ్లీ వెలిగింది, ఆ వెనకే ఫోను మోగింది.

కాంతారావు జర్మనీ పార్టీతో నవ్వుతూ మాట్లాడి, ఆర్డరు ఖాయమైందన్నట్టు ఆమెవైపు చూసి తలూపాడు. వీరదుర్గ వరండాలోకి వచ్చి మళ్లీ బందరుకు ఫోన్ చేసింది. ఇందాకటి మనిషే ఎత్తాడు.

"బాగైపోయిందండీ! ఆర్డరూ దక్కింది. మీరంత గట్టిగా చెప్పకపోతే పీకేసేవాళ్లమే. మీ చేతిమీదుగా ఎన్ని ఫోన్లు బాగుపడ్డాయో! మీ పేరేంటండీ?"

"దయానందమండీ, మాది ముదినేపల్లి. షాపాయన భోజనానికెళ్తే, మోగుతోంది కదాని ఎత్తాను. నిన్న మాదీ ఇలాగే ఆగిపోతే ప్లగ్గు పీకేశానండీ, బాగుచేస్తారేమోనని సంచిలో వేసుకొచ్చి కూర్చున్నా!"