గోడ పక్క కుర్చీ

"అక్కడ కూర్చోకు అమ్మాయ్!"

జండీరా ఉలిక్కిపడి లేచింది. ముందు వరసలో చివర, గోడ పక్క కుర్చీ అది. హాలు కిటకిటలాడుతుంటే అదొక్కటే ఖాళీగా ఉంది.

"ఎవరైనా వస్తారా సార్?"

"వస్తారో రారో, నువ్వు మాత్రం కూర్చోకు. ఇటు రా." బాల్దొమేరో పక్క కుర్చీ మీది ఫ్లాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని చోటిచ్చాడు.

కార్దొబా కొండల్లో ఏటా జరిగే క్వాంటం సమావేశం అది. జండీరా రెసిఫే నగరం నుంచి ఇక్కడికి రావడం ఇదే మొదలు. బాల్దొమేరో ఇవాళ్టి అధ్యక్షుడు. మైకు దగ్గర ఉండాల్సిన మనిషి, సొరబుర్రలోని మాతే ఆకు టీని గొట్టంతో తాపీగా పీలుస్తూ కబుర్లకు దిగాడు.

"ఇక్కడ మొదటి ప్రశ్న ఆ కుర్చీదే. ఎంతటివాళ్లయినా దానిచేత చీవాట్లు తినాల్సిందే. జవాబు నచ్చిందా, మొదటి చప్పట్లూ అక్కణ్నుంచే. నచ్చలేదా, రుజువు చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి పోవడమే. ఆ చప్పట్లు పడని రుజువును మావాళ్లెవరూ లెక్కచెయ్యరు."

"ఇదేం పద్ధతి సార్?"

"పద్ధతా పాడా! అలవాటైపోయింది. ఇవాళ వినబోయే రుజువే నిరుడు మూడో మెట్టు దగ్గర కూలింది. ఆ కుర్చీ వేసింది ఒకే ఒక్క ప్రశ్న." అతను ఫ్లాస్కు మూత బిగించాడు. "ఇవాళ కూడా నిలవలేదనుకో, ఇంక దాని మొహం చూసేవాళ్లుండరు."

శాస్త్రవేత్తలన్న మాటే గానీ, ఇలాంటి పట్టింపులు మగపెళ్లివారికి కూడా ఉండవు.

బాల్దొమేరో లేచి మైకు దగ్గరికి వెళ్లాడు.

"రామిరో లేకుండా ఇది మన మొదటి సమావేశం. శుక్రవారం మట్టి చేసి వచ్చాం. అందరూ లేచి మౌనం పాటించడమంటే అతనికి ఒళ్లుమంట. అందుకని వద్దు. పనిలోకి దిగుదాం."

జండీరా ఖాళీ కుర్చీ వైపు చూసి తల దించుకుంది.

ఒఫేలియా వేదిక ఎక్కింది. అరవై దాటిన మనిషి. బూడిదరంగు స్వెట్టరు తిరగేసి తొడుక్కుంది. అందరూ చూశారు, ఎవరూ చెప్పలేదు.

"చేయగలవా?" మెల్లగా అడిగాడు బాల్దొమేరో.

"చేతులు పనిచేస్తున్నాయిగా."

తెర మీద పేరున్న మొదటి పేజీ పడీ పడకముందే తిప్పేసింది. మాట్లాడసాగింది. కొలవకముందు కణానికి ఫలానా విలువంటూ ఏదీ లేదని ఆ రుజువు. ఉంది, మనకు తెలియదంతే అని జీవితమంతా వాదించినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. ఒఫేలియా తొందరపడకుండా ఒక్కో మెట్టూ ఎక్కించింది. గొంతులో హెచ్చూ తగ్గూ లేదు. లోపల కూడా ఏమీ లేదు. కనీసం భయమైనా వేస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. అదీ వెయ్యలేదు.

చెప్పడం ముగిసింది. బాల్దొమేరో అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగి, "మొదటి ప్రశ్న..." అని నాలుక కరుచుకున్నాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకాయన సగం దాకా ఎత్తి, జుట్టు సర్దుకుని దించేశాడు.

"అక్కణ్నుంచి రావాల్సింది నేనే అడుగుతాను," అంది ఒఫేలియా. ఖాళీ కుర్చీనే చూస్తూ అడిగింది. మాట ఒక్కసారిగా కటువుగా వచ్చింది. "మూడో మెట్టు సంగతేంటి? కొలిచే పరికరాలు రెండూ ముందే కొంత కూడబలుక్కుని ఉంటే అప్పుడేం చేస్తావు? చూడనంత మాత్రాన లేదనేస్తావా?"

వెనక వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అచ్చం నిరుటి గొంతే.

ఆమె బోర్డు వైపు తిరిగి రెండు వరసలు రాసింది. పరికరాలు కొంత కూడబలుక్కున్నా మెట్టు కూలదని చెప్పే రెండు వరసలు. సుద్దముక్క విరిగింది. చేతిలో మిగిలినదానితో కింద గీత గీసింది.

"చూడకముందు లేదు," అంది, మళ్లీ ఆ చప్పని గొంతుతో. "ఉందని ఎంత అనుకున్నా లేదు."

హాలంతా కళ్లతో బోర్డును తడిమింది. పెదాలు కదిపి లెక్క సరిచూసుకున్నవాళ్లు తల ఊపారు. జండీరా ఉండబట్టలేక చెయ్యెత్తింది.

"మేడమ్, ఆ రెండు వరసలు ఎప్పుడు దొరికాయి?"

"ఆదివారం."

"మొన్నటి ఆదివారమా?"

"ఊఁ."

బాల్దొమేరో మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇంకేమైనా?" అన్నాడు. ఏమీ లేవు. తప్పు పట్టినవాళ్లు లేరు. చప్పట్లు కొట్టినవాళ్లూ లేరు. జండీరా అరచేతులు రెండూ దగ్గరకు తెచ్చింది గానీ, బాల్దొమేరో వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అంత చదువుకున్నవాళ్లు ఖాళీ కుర్చీ చప్పట్లు కొట్టాలని కూర్చోవడం ఏం చోద్యమో!

అతను మాతే బుర్ర నింపి ఒఫేలియాకు అందించాడు. తాగి తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అంటే ఇక చాలని లెక్క. ఆమె అనలేదు. అతను మళ్లీ పోశాడు. మళ్లీ తాగింది. చేదు తెలియలేదు.

"అయిపోయింది ఒఫేలియా. దిగు," అన్నాడు చివరికి.

"అవలేదు. చప్పట్లు పడలేదుగా."

ఒఫేలియా మెట్లు దిగి వెళ్లి, ఇన్నేళ్లుగా తాను కూర్చునే గోడ పక్క కుర్చీలో కూర్చుని, రామిరో రుజువుకు మొదటి చప్పట్లు కొట్టింది.