గొళ్లెం బయట

టక్కుమని బయట గొళ్లెం పడింది.

లోపల పదిమంది తల్లిదండ్రులు. ఒక పక్క గోడంతా అద్దం. దానికవతల ఈతకొలను, గట్టు మీద వరసగా వాళ్ల పిల్లలు.

సెలక్షన్ రోజున ఇదే పద్ధతి. అమ్మానాన్నలు గట్టు మీదికి ఎగబడి అరుస్తున్నారని కోచ్ పెట్టిన రూలు. లోపల్నుంచి ఎవరైనా అద్దం కొట్టారా, వాళ్ల పిల్ల పేరు జాబితాలోంచి ఎగిరిపోతుంది.

ఇదేం రూలని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఆ పిల్లకి మళ్లీ లేన్ దొరుకుతుందా?

"కోళ్లని గంప కింద మూసినట్టు మూశాడు," అన్నాడు ఓ పిల్ల తండ్రి, డ్రైవరు.

"మెల్లగా అన్నా, వింటాడు," అంది టైలరమ్మ.

మూడేళ్లుగా ఆమె పొద్దున బతుకంతా ఈ గదిలోనే. కాజాలు, గుండీలు ఇక్కడే ఒళ్లో పెట్టుకుని కుడుతుంది. ఇవాళ నూరు మీటర్ల పందెం. పెద్ద శిబిరంలో ఒక్కరికే చోటు. వస్తే పిల్ల అక్కడే ఉండి చదువుకుంటుంది, ఈదుతుంది. రాకపోతే తల్లీకూతుళ్లకి ఇంకో ఏడాది ఇదే గది, ఇదే అద్దం.

వెనక గోడకి ఆనుకుని ఒకాయన నిలబడ్డాడు. నూనె మరకల ఖాకీ చొక్కా. ఎవరూ ఎరగని ముఖం.

"ఎవరీయన?"

"కుళాయి బాగుచెయ్యడానికొచ్చి ఇరుక్కుపోయాడు పాపం," అన్నాడు డ్రైవరు. "కూర్చో బాబూ. పందెం అయ్యేదాకా తలుపు తియ్యరు. ఒంటికొచ్చినా ఆపుకోవాల్సిందే."

అందరూ నవ్వారు. ఆయనా కొంచెం నవ్వాడు.

విజిల్ పడింది. ఆరుగురు పిల్లలు నీళ్లలోకి దూకారు.

"ఆ నాలుగో లేన్‌ది మనవాళ్లని నమిలేస్తోంది. ఎవరి పిల్ల?"

"కొత్తగా చేరింది. ఒక్కతే బస్సులో వస్తుంది, ఒక్కతే పోతుంది. అమ్మానాన్నలకి పట్టదేమో."

"ఉండండి, మాది ఇంకా మొదలెట్టలేదు," అంది టైలరమ్మ. కూతురిది ఆరో లేన్, చిట్టచివరిది. "అవతలి గోడ తన్నాక చూడండి. నీళ్ల కిందనుంచి పోతుంది. కొత్తగా నేర్చుకుంది."

పిల్ల అవతలి గోడని తన్ని, నీళ్ల కిందికి పోయింది.

"చూశారా! చెప్పానా!"

మిగతా అయిదు తలలూ పైకొచ్చాయి. ముందుకెళ్లిపోయాయి.

"మీది ఇంకా లోపలే ఉందే!"

"అదే మరి! ఎంతసేపుంటే అంత లాభం."

ఖాకీ చొక్కా ఆయన అద్దం దగ్గరికొచ్చాడు. "పాప కదలట్లేదమ్మా."

"ఈత గురించి మీకేం తెలుసండీ?"

"కాళ్లు చూడండి. ఆడట్లేదు."

కోచూ, టైం రాసేవాళ్లూ ఇవతలి గట్టున స్టాప్‌వాచీల మీదికి వంగి ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

ఆయన చెయ్యెత్తాడు. టైలరమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఏమయ్యా, పిచ్చా నీకు? కొట్టింది నువ్వయితే ఊడేది మా పిల్లలకి! నీకేం పోతుంది? నీ బిడ్డుందా ఆ నీళ్లలో?"

డ్రైవరు వెనకనుంచి భుజం పట్టాడు.

ఆయన ఒక్క విదిలింపు విదిలించాడు. రెండు పిడికిళ్లతో అద్దాన్ని బాదాడు. బాదుతూనే ఉన్నాడు.

"ఆరో లేన్! ఆరో లేన్!"

అప్పుడు చూసింది టైలరమ్మ, కూతురి కాళ్ల వంక.

తలుపు మీద పడింది. గుద్దింది. లాగింది. గొళ్లెం బయటుంది.

కోచ్ తలెత్తాడు. విజిల్ మెడలో ఉండగానే దూకాడు.

ఎవరో వచ్చి తలుపు తీశారు. టైలరమ్మ గట్టు మీదికి పరుగెత్తేసరికి పిల్ల నీళ్లు కక్కుతోంది.

"అమ్మా, పిక్క పట్టేసింది," అని ఏడ్చింది. ఏడుపు వినబడ్డాక తల్లి అక్కడే కూలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"అద్దం కొట్టిందెవరు?"

కోచ్ బట్టల్నుంచి నీళ్లు కారుతున్నాయి. తప్పు తనదని తెలుసు కాబట్టే గొంతు పెంచాడు.

తల్లిదండ్రులంతా నేల చూశారు.

"నేనే," అన్నాడు ఖాకీ చొక్కా ఆయన.

"మంచి పనే చేశారు, కాదనను. కానీ ఇవాళ మీకు వదిలేస్తే రేపు ప్రతివాళ్లూ కొడతారు. రూలు రూలే."

"సరే, కానివ్వండి."

ఆయన కొట్టకపోతే నా పిల్ల లేదు. ఆ ఒక్క మాట అనాలి. టైలరమ్మ నోరు తెరిచింది. అంటే వచ్చే ఏడాది కోచ్ తన పిల్లని రానిస్తాడా? నోరు మూసుకుంది. పోనీలే, కుళాయిలవాడికి పోయేదేముంది అనుకుంది.

కోచ్ జాబితా తీసి ఒక పేరు మీద అడ్డగీత గీశాడు.

అందరికంటే ముందు గోడ తాకిన నాలుగో లేన్ పిల్ల తడికాళ్లతో నడిచొచ్చి, ఎర్రగా వాచిన ఖాకీ చొక్కా ఆయన చెయ్యి పట్టుకుని, "పద నాన్నా, ఇంటికి పోదాం," అంది.