ఒక్క అక్షరానికే బంగారం

ఈ క్లారినెట్‌ను నా తరువాత మరమ్మతు చేయబోయేవారికి, జరిగింది జరిగినట్టు:

1. విడదీస్తే వచ్చే పై ముక్క మీదా, కింది ముక్క మీదా తయారీదారు చెక్కిన పేరు సగం అరిగిపోయి ఉంది.
2. మురికి తీసి, అక్షరాల గాట్లలో బంగారు రంగు మైనం నింపి, చదునుగా తుడిచాను.
3. పేరు ధగధగలాడింది. పొంగిపోయాను.

గంటలో కచేరీ ఉందనగా, దీన్ని వాయించే మా అత్తయ్య వచ్చి రెండు ముక్కలూ అందుకుంది. బొటనవేలితో పేరును తడిమి మొహం మాడ్చుకుంది.

“ఇది నాది కాదురా. ఎవరిదో నాకు అంటగడుతున్నావు.”

“నీదే అత్తయ్యా! పేరు మెరిపించాను.”

“మెరిస్తే నాకేం ఒరిగింది? పై పేరూ కింది పేరూ వేలికి తగిలితేనే కదా నేను ముక్కల్ని సూటిగా బిగించేది!”

ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదని తెలిసీ, నా కళ్లకు నచ్చిన పని చేశాను. పళ్లపుల్లతో మైనం గీకసాగాను. ఒక్కో అక్షరాన్నీ తడిమి చూస్తున్న ఆవిడ, చివరిదాని దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

“అదొక్కటీ ఉంచరా. లేకపోతే నువ్వు పడ్డ కష్టం ఎవరికి కనిపిస్తుంది, మొద్దు వెధవా!”

కాబట్టి మిగతా అక్షరాలను దయచేసి నింపవద్దు. ఆ ఒక్కటీ వెలిసిపోతే మాత్రం మళ్లీ దిద్దండి. అది నా వాటా.

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు.
ఆవిడ మేనల్లుడు, ఊదే వాద్యాల మరమ్మతుదారు.