ఇంపాలాకు ముహూర్తం

“సీటు నీ కొలతకే బిగించెయ్యవయ్యా. నాదీ నీ ఎత్తేగా,” అన్నాడు అచ్యుతరామారావు, షెడ్డు ముందు రిక్షా దిగుతూనే.

ఏసుపాదం స్పానరు పక్కన పెట్టి తల గోక్కున్నాడు. బాబుగారు తనకంటే జానెడు పొట్టి. ఆ మాట మొహం మీద అనలేడు.

“మీరొక్కసారి కూర్చుంటే కొలత సరిగ్గా వస్తుందండీ.”

“ఇప్పుడు వర్జ్యం. నువ్వు కూర్చో. మీకా పట్టింపు లేదుగా.”

ఏసుపాదం కూర్చున్నాడు. ఇంజను ఆగే ఉన్నా, స్టీరింగు తగలగానే అరచేతులు చెమర్చాయి. డెబ్బై ఏడు ఉప్పెన నాడు అతను దివిసీమకు లారీ తోలుకెళ్లాడు. మొదటి ట్రిప్పులో అచ్యుతరామారావు కుటుంబాన్ని ఒడ్డుకు చేర్చాడు. రెండో ట్రిప్పులో లారీ కాలవలోకి జారింది. పక్కన కూర్చున్న తమ్ముడు బాలశౌరి మళ్లీ పైకి రాలేదు. అప్పట్నుంచీ ఏడాదిగా ఏసుపాదం ఏ బండీ నడపలేదు. బాగుచేసిన బండిని పటమటలోని తన షెడ్డులోంచి బయటికి తియ్యడానికి కూడా ఇంకొకరిని బతిమాలుకునేవాడు. నడిపి చూడని మెకానిక్కుకి బండి ఎవరిస్తారు? షెడ్డుకి తాళం వేసే రోజు దగ్గరపడింది.

అలాంటి సమయంలో అచ్యుతరామారావు మద్రాసు నుంచి ఓ పాత ఇంపాలా కారును లారీ మీద తెచ్చి షెడ్డులో దింపించాడు. ఉప్పెన తరవాత ఆయన కాపురం కూడా పటమటకే మారింది.

“మద్రాసు దగ్గర షోలవరంలో కార్ల పందేలు జరుగుతాయిట. దీన్ని రేసు కారు చెయ్యి, నేను నడుపుతా. దివిలో నా జీపొస్తుంటే కోళ్లు కూడా గట్టు దిగిపోయేవయ్యా!” అన్నాడు.

డబ్బున్నవాళ్ల సరదా అనుకున్నాడు ఏసుపాదం. నవ్వొచ్చింది. అయినా పని దొరికినందుకు గుణదల మాతకు దణ్ణం పెట్టుకున్నాడు.

వెనక సీటు పీకేశాడు. బరువనిపించిన రేకునల్లా తీసి పారేశాడు. కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి దక్కాలని టాపు కింద ఇనప గొట్టాలతో చట్రం వెల్డింగు చేశాడు. ఒక్క కార్బురేటరు ఉన్నచోట రెండు పెట్టాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారి అందుకుంటే షెడ్డు రేకులు దడదడలాడేవి. అన్నం తెచ్చిన భార్య అమలమ్మ గిన్నె కింద పెట్టి చెవులు మూసుకునేది.

ఓ రోజు బాబుగారికి కారును వెలుతురులో చూడాలనిపించింది.

“మీరే తియ్యండి బాబుగారూ.”

“ఇవాళ అష్టమి. పది గజాలేగా, నువ్వు తియ్యి.”

ఏసుపాదం అంగుళం అంగుళంగా బయటికి తీశాడు. ఆ మర్నాడు వీధి చివరిదాకా పోనిమ్మన్నాడు బాబుగారు. తనెందుకు పట్టుకోడంటే, ఆ రోజు నవమి. వారం తిరక్కుండా ఏలూరు రోడ్డెక్కించాడు. ఆ పూట రాహుకాలం అడ్డొచ్చింది. తను మాత్రం దర్జాగా పక్క సీట్లో కూర్చున్నాడు.

“పక్కన కూర్చుంటే రాహుకాలం ఏమీ అనదాండీ?”

“అనదు. చక్రం పట్టుకున్నవాడికే. రోడ్డు చూడు, నన్ను కాదు.”

ఈ ముహూర్తాల పిచ్చి తగలెయ్య అని ఏసుపాదం లోపల్లోపలే విసుక్కున్నాడు. కానీ మూడు నెలలు గడిచాక ఒక సంగతి గమనించాడు. స్టీరింగు పట్టుకుంటే అరచేతులు పొడిగానే ఉంటున్నాయి.

ఫిబ్రవరిలో కారును లారీ ఎక్కించి షోలవరం తీసుకెళ్లారు. పూర్వం విమానాలు దిగిన మైదానంలో పందెం. అచ్యుతరామారావు చంకలో హెల్మెట్టుతో వచ్చి జేబులోంచి పంచాంగం తీశాడు.

“చంద్రబలం లేదయ్యా. ఫారంలో ఎందుకైనా మంచిదని నీ పేరు కూడా రాశాను. నువ్వెళ్లు.”

“నావల్ల కాదండీ! మా తమ్ముడు...”

“బాలశౌరి పక్కనే కూర్చున్నాడనుకో. పోనియ్యి.”

జెండా ఊపారు. మొదటి మలుపులో కాలవ గట్టు కళ్ల ముందు మెదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులు మాత్రం బెదరలేదు. ఈ కారులో ప్రతి నట్టూ తను బిగించిందే. భయం దిగిపోయింది. ఆ స్థానంలో ఎప్పుడో మరిచిపోయిన సంతోషం వచ్చి కూర్చుంది. “చూశావుట్రా తమ్ముడూ!” అని ఇంజను హోరులో గట్టిగా అరిచాడు కూడా.

మూడో స్థానం వచ్చింది. హెల్మెట్టు తియ్యకముందే అచ్యుతరామారావు పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. ఆయన చిన్నపిల్లాడిలా ఏడవడం చూసి, తన వంతు పోయిందని బాధ కాబోలనుకుని ఏసుపాదం నొచ్చుకున్నాడు.

ఆ వచ్చే ఆదివారం గుణదల కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించి, అరటిపళ్లు కొనుక్కుని, రిపేరుకొచ్చిన అంబాసిడరు తనే నడుపుకుంటూ బాబుగారింటికి వెళ్లాడు. ఆయన మంగళగిరి వెళ్లాడట. ఆయన భార్య రమాసుందరి కాఫీ ఇచ్చింది.

“మళ్లీ మనిషినయ్యానమ్మగారూ. షెడ్డులో బళ్లు పట్టడం లేదు. ఈ జన్మకి బాబుగారి రుణం తీరదండీ. ఒక్కటే మనసులో పీకుతోంది. ఆయన అంత ఆశపడ్డ పందెం, ఆ దిక్కుమాలిన పంచాంగం వల్ల నాకు దక్కింది. వచ్చే ఏడు మంచి ముహూర్తం చూసి ఆయన చేతే నడిపించాలి. మీరైనా కాస్త చెప్పండి.”

రమాసుందరి నవ్వబోయి, పైటకొంగుతో కళ్లొత్తుకుంది.

“ఆయనకి డ్రైవింగే రాదు ఏసుపాదం.”