పదకొండో సమీకరణం

"అది నా లెక్క సార్!"

తలుపు తట్టకుండానే లోపలికి దూసుకొచ్చింది పరిశోధకురాలు. ప్రొఫెసర్ బోర్డు ముందు నిలబడి ఉన్నారు. చేతిలో సుద్దముక్క, చొక్కా నిండా సుద్దపొడి.

"ఏ లెక్కమ్మా?"

"రెండు కణాలు విడిపోయాక ఒకదాని జాడ ఇంకోదానిలో ఎంతసేపు నిలుస్తుందో తేల్చిన లెక్క. నాలుగేళ్లు పట్టింది నాకు. ఇవాళ పొద్దున పరిశోధన వ్యాసాల వెబ్‌సైట్లో వచ్చేసింది!"

"సంతోషమేగా."

"సంతోషమా? మీకు తప్ప ఎవరికీ చూపించలేదు నేను. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి సార్?"

ఆయన సుద్దముక్క పక్కన పెట్టారు. కూర్చోమంటే ఆమె కూర్చోలేదు. కిటికీ దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. ఆమెను ఉద్యోగంలో ఉంచాలా వద్దా అన్నది ఈ వారమే సంస్థ డైరెక్టర్ తేలుస్తారు. చూపించుకోవడానికి ఆమెకున్నది ఆ లెక్క ఒక్కటే.

"మొత్తం చదివావా?"

"ఎందుకు చదవడం? తెరవగానే పదకొండో సమీకరణం చూశాను. కన్నబిడ్డను తల్లి గుర్తుపట్టదా?"

"పైన పేరు?"

"పేర్లెవరు చూస్తారు సార్?"

నిజమే. కొత్త వ్యాసం కనబడితే పేర్లు వదిలేసి సమీకరణాల మీదికి దూకడం ఆ అంతస్తులో అందరికీ అలవాటే.

ప్రొఫెసర్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పారు. శీర్షిక కింద ఒకటే పేరు ఉంది. ఆమెది.

ఆమె నడక ఆగింది.

"ముప్పై ఆరుసార్లు తిరగరాశావు. పంపించవే తల్లీ అంటే 'ఇంకొక్కసారి చూస్తాను సార్' అంటావు. నీ కణాలకు తల నెరిసేదాకా చూస్తావా? అవతల ఇంకెవరో ఇదే లెక్క మీద ఉన్నారని నిన్న తెలిసింది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. ఇక ఆగలేక నేనే పంపేశాను."

"మరి మీ పేరు..?"

"నేను చేసిందేముంది, కామాలు దిద్దాను. కామాలకు పేరు వెయ్యరు. పో, వెళ్లి డైరెక్టర్‌గారికి చూపించు."

ఆమె కుర్చీలో కూలబడింది.

"ఆయన ఈపాటికి చూసే ఉంటారు సార్."

"ఇంకేం, మంచిదేగా!"

"ఇందాకే ఆయనకు ఫిర్యాదు పంపాను. మీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని, 'ఈ వ్యాసం మీద ఎవరి పేరుంటే వాళ్లే దొంగలు, వెంటనే ఉద్యోగంలోంచి తీసెయ్యండి' అని రాశాను."