కార్డు లేని మనిషి

"ఆ పుస్తకం మీంచి చెయ్యి తియ్యండి తాతగారూ!"

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెదలు పట్టలేదు కదమ్మా?" అన్నాడు.

"పట్టలేదు. మీరు ముట్టుకోకుండా ఉంటే చాలు."

అది మునిసిపాలిటీ రికార్డు గది. పరిశోధన చేసేవాళ్లకు సాయంగా ఏటా ఒకరికి అక్కడ ఒక బల్ల, కుర్చీ, నెల నెలా జీతం, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. ఈ ఏడు అవి ఆమెకు దక్కాయి. కార్డు పడ్డాక ఎవరికైనా మెడ కాస్త నిటారుగా అవుతుంది. ఆమెకూ అయింది.

నది నీటిమట్టం మీద ఆమె పరిశోధన. వంతెన దగ్గర రోజూ నీళ్లు కొలిచి ఎవరో ముప్పై ఏళ్లు రాసిన పుస్తకాలే ఆధారం. ఎక్కడా కొట్టివేత లేదు. ఏడు అంకె వచ్చిన ప్రతిచోటా దాని నడుముకి చిన్న అడ్డగీత. రాసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఊరు మునిగిన పెద్ద వరదప్పుడు నాలుగు రోజుల పేజీలు ఖాళీ.

"అసలు లెక్క ఆ నాలుగు రోజులదే కదమ్మా! అది లేకుండా రేపు వరదొస్తే ఏ వీధిదాకా ఖాళీ చేయించాలో ఎలా చెబుతావు? నెలాఖరులోగా పట్టుకో. లేకపోతే సాయం ఇంకొకరికి ఇస్తాం" అంది కమిటీ.

ఆమె తిండీ నిద్రా మానేసి వెతకసాగింది. సరిగ్గా అప్పుడే దాపురించాడు ఈ ముసలాయన. ఎండయినా వానయినా చేతిలో పాత కర్ర గొడుగు. గుమస్తా 'గొడుగు తాత' అని పేరు పెట్టేశాడు. పదింటికల్లా వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. ఆమె పేజీ తిప్పితే ఆయన మెడ సాచేవాడు.

"ఒక్క మాట చెప్పాలి తల్లీ."

"తర్వాత తాతగారూ."

మర్నాడూ అదే మాట, అదే జవాబు.

నాలుగో రోజు ఆమెకు ఒళ్లు మండింది.

"ఈ గది పరిశోధకులకా, ఫ్యాను గాలికి వచ్చేవాళ్లకా?" అని గుమస్తాను నిలదీసింది.

గుమస్తా లేచి వచ్చాడు. "కార్డు ఉందా పెద్దాయనా?"

"లేదు నాయనా."

"ఏం చదివావు?"

"ఐదు దాకా."

"అయితే దయచెయ్యి."

ముసలాయన ఆమె వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. గొడుగు తలుపు పక్కన ఆనించి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

నెలాఖరు వచ్చింది. నాలుగు పేజీలూ ఖాళీగానే ఉన్నాయి. కమిటీ అన్నంత పనీ చేసింది.

ఆమె కార్డు తీసి గుమస్తా చేతిలో పెట్టింది. ఏడుపు ఆపుకోవడమే కష్టంగా ఉంది.

"వెళ్తూ వెళ్తూ ఆ తాత గొడుగు కాస్త వాళ్లింట్లో ఇచ్చెయ్యమ్మా. నీ దారే, వంతెన పక్క వీధి. మూడు వారాలుగా ఇక్కడే పడుంది" అన్నాడతను.

ముసలాయన కూతురు తలుపు తీసి, గొడుగును చూసి కళ్లొత్తుకుంది.

"నాన్న పోయి పది రోజులైందమ్మా."

"మా ఆఫీసులో మరిచిపోయారు..." అంది ఆమె.

కూతురు గొడుగు విప్పి దాని కర్రను తడిమింది. కత్తితో కోసిన నాలుగు గాట్లు. పక్కనే తేదీలు. నాలుగింటిలోనూ ఏడో నెల. ప్రతి ఏడు అంకె నడుముకీ చిన్న అడ్డగీత.

"వరదలో కొలబద్ద కొట్టుకుపోతే, వంతెన అంచుదాకా వచ్చిన నీళ్లలోకి దీన్నే దించి కొలిచాడు. కొలబద్దతో కొలవని లెక్క చెల్లదని పై ఆఫీసరు పుస్తకంలో రాయనివ్వలేదట."

ఆమె ఆ గాట్లను వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"నేనూ మరిచిపోయాడనే అనుకున్నా" అంటోంది కూతురు. "అడిగితే, 'మరిచిపోలేదే పిచ్చిదానా, నా రాత చదవడానికి మునిసిపాలిటీ జీతమిచ్చి మరీ ఓ పిల్లని పెట్టింది, ఆ పిల్లకే ఇచ్చి వచ్చా' అన్నాడు."